ఎన్నాళ్లొస్తుంది?

ఆ వీధి కొట్లవాళ్లు ఆమెకు పెట్టుకున్న పేరు ఎన్నాళ్లమ్మ. పళ్లెం కొన్నా పరుపు కొన్నా ముందు అడిగేది ధర కాదు. "ఎన్నాళ్లొస్తుంది? పాడైతే ఎవరు బాగుచేస్తారు?" బట్టల కొట్లో అయితే మూడోది కూడా ఉంటుంది, "కుట్టినవాళ్లకెంత ముట్టింది?" ఆమె గుమ్మంలో కనబడగానే అమ్మేవాళ్లు 'నువ్వెళ్లు, నువ్వెళ్లు' అని ఒకరినొకరు తోసుకునేవారు. వెనక నిలబడ్డ అత్తగారికి తల కొట్టేసినట్టయ్యేది.

అడగదూ మరి? ఆమె పనిచేసేది రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో, గుండీల లైన్లో. చేరిన కొత్తలో గుండీకి పదహారు కుట్లు పడేవి. తర్వాత పన్నెండు చాలన్నారు. ఇప్పుడు ఎనిమిది. కుట్టు తగ్గితే గుండీ ఊడుతుంది, గుండీ ఊడితే చొక్కా మూలకు పోతుంది, అది మూలకు పోతే కొత్తది అమ్ముడవుతుంది. ఇంత గుట్టు తెలిసిన మనిషిని నోరు మూసుకుని కొనమంటే ఎలా కొంటుంది?

ఒక సోమవారం ఇంట్లో వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. కడుపునిండా సబ్బునీళ్లు, ఐదుగురి బట్టలు. నీళ్లు దిగవు, డ్రమ్ము తిరగదు. కంపెనీ మెకానిక్ వచ్చాడు. మూత విప్పలేదు, మోకాలు వంచలేదు. రెండు మీటలు నొక్కి, "బోర్డు పోయింది మేడం. ఈ మోడల్ ఆపేశారు. కొత్తది తీసుకోండి, పాతది మేమే పట్టుకుపోతాం" అన్నాడు.

"పట్టుకుపోయి ఏం చేస్తారు?"

"పడేస్తాం."

తొమ్మిదేళ్లు ఇంటిల్లిపాది మురికీ వదిలించినదానికి దక్కిన మర్యాద అది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

అత్తగారి మొహం మాత్రం వెలిగింది. పక్కింట్లో కొత్తగా దిగిన మెషిన్ మీద ఆవిడ కన్నుపడి ఏడాదయింది. ఉతకడం అయిపోగానే అది పాట పాడుతుంది.

"చూడమ్మాయ్, నీ మాట కాదనను" అంది సాయంత్రం. "ఆదివారం పొద్దుగూకేదాకా గడువు. ఈలోగా తిరిగిందా, సరే. తిరగలేదా, కొత్తది వస్తుంది. ఆ తర్వాత ఏ కొట్లోనూ నువ్వా ప్రశ్నలు అడగకూడదు. నలుగురిలో నా పరువు తీయకూడదు."

ఆమె భర్త స్కూలు బస్సు నడుపుతాడు. ఎదురొచ్చే లారీని తప్పించినంత నేర్పుగా తల్లి చూపునూ పెళ్లాం చూపునూ తప్పించుకున్నాడు.

"సరే అత్తయ్యా" అనేసింది ఆమె. ఏం పందెం ఒడ్డిందో అన్నాక గానీ తెలిసిరాలేదు. మెషిన్ పోతే ఇంకోటి వస్తుంది. ఆ ప్రశ్న పోతే ఇంకేం మిగిలింది? పగలంతా ఎనిమిది కుట్లు కుట్టడం, సాయంత్రం నోరు కుట్టేసుకుని బజారుకు పోవడం.

ఆ వారమంతా ఫ్యాక్టరీ నుంచి రాగానే బట్టలు చేత్తో ఉతికింది. శుక్రవారానికి నడుము తనది కాకుండా పోయింది. రెండు రిపేరు షాపులవాళ్లు బోర్డన్న మాట వినగానే చేతులెత్తేశారు. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అని అత్తగారు వినపడేలా గొణిగేది. కానీ నిజం చెప్పుకోవాలి కదా, కోడలు చూడనప్పుడు సగం బట్టలు ఆవిడే ఆరేసేది.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆశగా, వీధి చివర మోటార్లకు వైండింగ్ చేసే ముసలాయనను వెంటబెట్టుకొచ్చింది.

"బోర్డు పోయిందన్నవాడు కింద తలుపు తీసి చూశాడా అమ్మా?" అన్నాడాయన.

"కింద కూర్చోను కూడా లేదు బాబాయ్."

"మరి బోర్డేం పాపం చేసింది? నీళ్లు బయటికి పోందే ఇది ముందుకు కదలదు. దానికా మాత్రం బుద్ధుంది."

మెషిన్ అడుగున ఓ మూలనున్న చిన్న తలుపు తీసి, బేసిన్ పెట్టి నీళ్లన్నీ వంపాడు. లోపలున్న జల్లెడ లాగి చూశాడు. శుభ్రంగా ఉంది. గోడ గడియారంలో నాలుగున్నర. ఆయన ఆ కన్నంలో వేలుపెట్టి, నీళ్లు తోడే రెక్కను తిప్పబోయాడు. కదల్లేదు. సన్నటి పట్టకారు దూర్చి, అటూ ఇటూ ఆడించి, ఏదో లాగి ఆమె అరచేతిలో పెట్టాడు.

తెల్లటి గుండీ.

"కొండను తవ్వి ఎలుకను పట్టారు" అంది అత్తగారు. గొంతులో ఎగతాళి లేదు.

ఆమె గుండీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. రంధ్రాల్లో ఇంకా దారప్పోగు ఉంది, అంచున సన్నటి గీత. తన లైన్లోకి వచ్చే గుండీలకే ఉంటుంది ఆ గీత. ఇంటికి ఏ చొక్కా వచ్చినా మర్నాడే గుండీలన్నీ విప్పి పదహారు కుట్లు వేసి కుడుతుంది ఆమె. మరి ఇదెక్కడిది? తలెత్తేసరికి భర్త మెల్లగా గుమ్మం వైపు నడుస్తున్నాడు.

"ఏవండీ."

ఆగాడు. "ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నారు. నీ మూడు ప్రశ్నలకూ అక్కడ జవాబు లేదని తెలుసు. అందుకే చొక్కాలు బస్సులో దాచుకున్నా. ఉతకడానికి మాత్రం ఇందులో వేశా."

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మెషిన్ పట్టేసింది" అన్నాడు ముసలాయన.

ఆమె ముందు పళ్లు కొరికింది. ఆ తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. తన లైన్లో వేసిన ఎనిమిది కుట్లు ఊరంతా తిరిగి తన మెషిన్‌కే అడ్డం పడ్డాయి.

మీట నొక్కింది. డ్రమ్ము ఒక్క క్షణం తటపటాయించి గిర్రున తిరిగింది. ఆమె చేతులు రెండూ పైకెత్తి, పిల్లలతో కలిసి గెంతింది. గెలిచానని పక్కింటికి వినపడేలా చెప్పింది. అత్తగారు స్టూలు లాక్కుని మెషిన్ ముందు కూర్చుని, బట్టలన్నీ అయ్యేదాకా చూసింది.

"ఇంకెన్నాళ్లొస్తుంది బాబాయ్?"

"మరో ఆరేళ్లు. పాడైతే నేనున్నా."

ఆ రెండు ప్రశ్నలకూ ఒక్కరే జవాబు చెప్పడం ఆమె ఎరిగి అదే మొదటిసారి. దొంగ చొక్కాలు రెండింటి గుండీలకూ పదహారేసి కుట్లు పడ్డాయి.

మరుసటి వారం అత్తాకోడళ్లు బట్టల కొట్టుకు వెళ్లారు. కోడలు నోరు తెరవబోయింది. ఈలోగా అత్తగారు వేలాడుతున్న చొక్కా అందుకుని, గుండీ పట్టి ఒక్క గుంజు గుంజింది. ఊడి చేతికొచ్చింది. ఆవిడ దాని అంచున ఆ సన్నటి గీతను తడిమి చూసుకుంది.

"ఎన్నాళ్లొస్తుంది నాయనా ఇది?"

అమ్మేవాడు మేనేజరును పిలిచాడు.

"పాడైతే ఎవరు బాగుచేస్తారు?" అంది ఆవిడ. "కుట్టినవాళ్లకెంత ముట్టింది?"

"కుట్టినవాళ్లెవరో మాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు మేనేజరు.

అత్తగారు ఆ గుండీ ఆయన చేతిలో పెట్టి, కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇదిగో, మా కోడలు. ఇప్పుడు చెప్పు."