కడుపు మేడం సరే అంటేనే

ఆఫీసులో ఆమెని అందరూ కడుపు మేడం అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆమె పలికేది కూడా. అందులో వెటకారమేమీ లేదు, ఆమె ఉద్యోగమే అది. కళ్ళకి తగిలించుకునే నల్లటి పెట్టె ఒకటి, వీఆర్ హెడ్‌సెట్, ఆ కంపెనీ కొత్తగా మార్కెట్లోకి తేబోతోంది. దాని కోసం తయారైన ప్రతి బొమ్మనీ, అంటే అందులో కనిపించే ప్రతి చిన్న సినిమానీ, అందరికంటే ముందు ఆమె చూడాలి. చూసి, కడుపులో తిప్పిందో లేదో చెప్పాలి.

నవ్వకండి. ఆ పెట్టె పెట్టుకుంటే కళ్ళేమో పరుగెడుతున్నామంటాయి, ఒళ్ళేమో కుర్చీలోనే ఉన్నామంటుంది. ఆ రెండింటి తగువూ పోయి పోయి కడుపు మీద పడుతుంది. గట్టి కడుపున్నవాడు చూసి బ్రహ్మాండం అంటే ఆ మాట ఎందుకూ కొరగాదు. ఇట్టే తిరిగిపోయే కడుపు కావాలి. అది ఆమెకి వంశపారంపర్యంగా వచ్చింది. వాళ్ళమ్మకి ఊయల ఊగేవాళ్ళని చూస్తేనే తల తిరుగుతుంది. చెల్లెలికి లిఫ్టు పడదు. చిన్నప్పుడు బస్సెక్కితే పిల్లలిద్దరికోసమని తల్లి ప్లాస్టిక్ సంచి పట్టుకుని కూర్చునేది. సగం దారి దాటకుండానే ఆ సంచి తల్లికే పనికొచ్చేది.

ఆ కడుపు పుణ్యమా అని ఆమె బడిలో ఒక్క విహారయాత్రకీ వెళ్ళలేదు. పెద్దయ్యాక బస్సు దూరం ఎక్కువై రెండు ఉద్యోగాలు వదులుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళు దాచుకుని సిగ్గుపడ్డ కడుపుకి ఇక్కడ ఒక గది ఇచ్చారు, చక్రాల్లేని కుర్చీ ఇచ్చారు, ఫ్యాను పెట్టారు, పక్కన రోజూ కడిగిన బకెట్ ఉంచారు. ప్రస్తుతానికి కాంట్రాక్టే. హెడ్‌సెట్ అమ్మకానికి వచ్చిన రోజున పర్మనెంటు. ఆ కాగితం కోసం ఆమె ఎంత ఆశపడిందంటే, అద్దం ముందు తల దువ్వుకుంటూ "నాది పర్మనెంటండీ" అని ఒకటి రెండుసార్లు అనుకుని చూసుకుంది కూడా.

కాగితం ఇస్తానన్నది ఎన్నయ్యాయి సారు. బొమ్మల విభాగానికి ఆయన పెద్ద. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తీసి తల లోపలికి పెట్టి "ఎన్నయ్యాయి?" అనేవాడు. అందుకే ఆ పేరు. ఇరవై కావాలి ఆయనకి. ఇరవై బొమ్మలైనా లేకుండా పెట్టె అమ్మితే, జనం వారం రోజులు చూసి అటక మీద పడేస్తారని ఆయన బెంగ. ఆ బెంగలో అన్యాయమేమీ లేదు. చూడ్డానికేమీ లేని పెట్టెని ఎవరు మాత్రం నెత్తిన పెట్టుకుంటారు?

ఆమె ముందు ఒక ఫారం ఉండేది. అందులో మూడు గడులు: సరే, కొంచెం తిప్పింది, ఆపేశాను. మొదటి ఆరు వారాల్లో ఆపేశాను గడే నిండింది. సరే అన్నవి ఆరంటే ఆరు. మంచుకొండ మీద కూర్చునే బొమ్మ, చేపల తొట్టి బొమ్మ, ఇలా కదలకుండా కూర్చుని చూసేవే. కొండల మధ్య పట్టాల మీద దూసుకుపోయే రైలు బొమ్మకైతే నలభై సెకన్లకే బకెట్ అందుకుంది. ఎన్నయ్యాయి సారు మొహం రోజురోజుకీ చిక్కిపోయింది.

ఏడో వారం నుంచి రోజులు మారాయి. తిప్పడం తగ్గింది. తయారుచేసేవాళ్ళు చెయ్యి తిరిగి బాగా చేస్తున్నారనుకుంది. పడవాయన సంగతే చూడండి. ఒక్క పడవ ప్రయాణం బొమ్మ మీద ఎనిమిది నెలలు కూర్చున్న మనిషి. మొదటిసారి మూడో నిమిషంలో ఆమె ఆపేస్తే, తీసుకెళ్ళి సరిచేసుకొచ్చాడు. తొమ్మిదో వారంలో మళ్ళీ చూసింది. పన్నెండు నిమిషాలూ పూర్తిగా చూసి సరే గడిలో టిక్కు పెట్టింది. అంత మనిషీ కళ్ళు తుడుచుకున్నాడు. పన్నెండో వారానికి లెక్క ఇరవై ఒకటైంది. ఎన్నయ్యాయి సారు మొట్టమొదటిసారి "ఎన్నయ్యాయి" అనకుండా "టీ తాగారా మేడం" అన్నాడు.

తన కడుపు మీద ఆమెకి ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? రోజూ ఆఫీసుకి వచ్చే బస్సులో ఎప్పటిలాగే తిప్పుతూనే ఉంది. కిటికీ పక్క సీటు దొరక్కపోతే రెండు స్టాపుల ముందే దిగి నడిచి వస్తూనే ఉంది.

అమ్మకాలకి ఇంకా అయిదు వారాలుందనగా ఒక శనివారం ఉద్యోగుల ఇళ్ళవాళ్ళని పిలిచారు, వచ్చి బొమ్మలు చూసి వెళ్ళమని. ఆమె చెల్లెల్ని తీసుకెళ్ళింది. చెల్లెలు జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో, తల్లితో పాటు ఉంటారు.

"పడవ చూడు. అన్నిటికంటే అదే బాగుంటుంది," అంది అక్క.

"నాకు పడుతుందంటావా?"

"నాకే పడింది. నీకేమవుతుంది?"

చెల్లెలు పెట్టె పెట్టుకుంది. నాలుగో నిమిషంలో కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. అయిదో నిమిషంలో పెట్టె పీకేసి, మొహం తెల్లగా పాలిపోయి, బకెట్ మీదికి వంగింది. అక్క వీపు నిమురుతూ నిలబడింది.

"పొద్దున ఏం తిన్నావే?"

"నువ్వు తిన్నదే కదా," అని చెల్లెలు మూతి తుడుచుకుంది. కాసేపటికి మెల్లగా అంది, "నీకు పడిందన్నావు కాబట్టి పెట్టుకున్నానక్కా. లేకపోతే ముట్టుకునేదాన్ని కాదు."

ఆ మాట ఆమెకి సూటిగా గుచ్చుకుంది. ఆదివారమంతా దానితోనే గడిచింది.

సోమవారం పొద్దున్నే వచ్చి గది తలుపు గడియ పెట్టుకుంది. మొదటి వారంలో నలభై సెకన్లకే తనని పడగొట్టిన రైలు బొమ్మ పాతది, ఎవరూ ముట్టుకోనిది, అలాగే ఉంది. అది పెట్టుకుంది. బకెట్ దగ్గరికి లాక్కుంది. రైలు లోయలోకి దూకింది, పైకి లేచింది, తలకిందులైంది. ఆమె హాయిగా కూర్చుంది. చెట్లకి ఆకులు సరిగ్గా గీయలేదే అని కూడా గమనించింది. పదకొండు నిమిషాలయ్యాక బొమ్మే అయిపోయింది.

పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుంది. బొమ్మలు బాగుపడలేదు, తన కడుపే గట్టిపడింది. అదీ ఈ పెట్టె వరకే. బస్సులో పాత కడుపే, కుర్చీలో కొత్త కడుపు. పాత ఫారాలన్నీ తీసి తేదీలు చూసింది. ఏడో వారం నుంచి చూసిన పదిహేనింటిలో పదిహేనూ సరే. ఇంత కళ్ళెదుట ఉన్నది ఇన్నాళ్ళూ తనకే కనపడలేదని తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ పదిహేనూ ఇలాగే బయటికి వెళ్తే, ఎక్కడో ఎవరో చెల్లెలిలాంటి మనిషి నమ్మి పెట్టుకుంటుంది. చెబితే ఇరవై ఒకటి పోయి ఆరు మిగులుతాయి. తిరగని కడుపుకి పర్మనెంటు ఎవరిస్తారు? ఆమెకి ఏడుపొచ్చింది. ఏడ్చేసి, మొహం కడుక్కుని, ఎన్నయ్యాయి సారు గదికి వెళ్ళింది.

ఆయన అంతా విన్నాడు. ఫారాలు తిరగేశాడు. సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీదే. నా సంతకం ఒక్కటే తక్కువ."

ఆమె దాన్ని చూడలేదు, కిటికీ వైపు చూసింది.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు సార్. ముందు మీకే."

"ఒక మాటంటాను, తప్పుగా అనుకోకండి. మీకు అలవాటైనట్టే వాళ్ళకీ అవుతుంది కదా. రెండు మూడుసార్లు తిప్పుతుంది, తర్వాత సర్దుకుంటుంది."

"నాకు జీతమిచ్చి అలవాటు చేశారు సార్. వాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్ళు. ఒకసారి తిప్పితే రెండోసారి ఎందుకు పెట్టుకుంటారు? అటక మీద పడేస్తారని మీరే అంటారుగా."

ఎన్నయ్యాయి సారు ఫారాలు పక్కకి జరిపాడు. కాగితం మళ్ళీ సొరుగులోకి తోశాడు. విసురుగా తొయ్యలేదు, అదొక్కటే మర్యాద. తర్వాత చాలా అలసటగా, "మరి ఎవరి కడుపుని నమ్మాలి?" అని అడిగాడు.

దానికి జవాబు ఆమె దగ్గరే ఉంది. ఆ మధ్యాహ్నం కూర్చుని తనే రాసింది: ఏ ఒక్క మనిషికీ ఇరవై రోజులకు మించి బొమ్మలు చూపించకూడదు. అనుమానం వస్తే పాత రైలు బొమ్మ పెట్టి చూడాలి. దాన్ని పూర్తిగా చూడగలిగిన మనిషిని ఆ రోజే మార్చాలి. కింద సంతకం చేసింది. ఆ నిబంధన ప్రకారం మొదట మారాల్సిన మనిషి ఎవరో ఎవరూ అడగలేదు. కాంట్రాక్టు వారం చివరితో ఆగిపోయింది.

వెళ్ళేముందు పడవాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన మొహం మాడ్చుకుని కంప్యూటర్ వైపే చూస్తూ అన్నాడు, "అప్పుడే వద్దనుంటే మూడు వారాలు కలిసొచ్చేవి మేడం."

"నిజమే," అంది ఆమె.

ఆమె స్థానంలోకి ఎన్నయ్యాయి సారు ఆమె చెల్లెల్నే పిలిచాడు, ఆ శనివారం బకెట్ గుర్తుండిపోయినట్టుంది. నిజం చెప్పాలంటే అక్కకి కడుపుమంట పుట్టింది. తన కుర్చీ, తన ఫ్యాను, తన బకెట్. అయినా పైకి అనలేదు. జిరాక్స్ షాపులో అన్నాళ్ళూ చెల్లెలి బదులు తను కూర్చుంది. సాయంత్రం చెల్లెలు వాడిన ఆకులా ఇంటికొచ్చి మంచం మీద వాలితే, మనసులో ఉన్నదంతా మర్చిపోయి మజ్జిగ కలిపి ఇచ్చేది. పదిహేనింటిలో చెల్లెలు నాలుగే ఒప్పుకుంది. లెక్క పదికొచ్చి ఆగింది. పడవాయన మాత్రం రోజూ వచ్చి ఎక్కడ తిప్పింది, ఏ అలకి తిప్పింది అని అడిగి రాసుకుని వెళ్తున్నాడట.

ఒక రోజు మధ్యాహ్నం జిరాక్స్ మిషన్‌లో కాగితం ఇరుక్కుని ఆమె దానితో కుస్తీ పడుతుంటే ఫోను మోగింది.

"అక్కా, పడవ పన్నెండు నిమిషాలూ చూశాను. ఏమీ అనిపించలేదు."

"నీకు ఇది ఎన్నో రోజు?"

"పదిహేడు. పడవ బాగుపడిందో నా కడుపు చెడిందో తెలీక రైలు పెట్టుకుని చూశా." చెల్లెలు ఆగింది. "చివరిదాకా చూశానక్కా."

ఇరవై రోజులని తను రాసింది. మూడు రోజులు ఎక్కువే రాసింది. ఆ మూడు రోజులూ చెల్లెలు నోరు మూసుకుని కూర్చున్నా అడిగేవాడు లేడు.

"చెప్పావా?"

"చెప్పేశాకే నీకు ఫోన్ చేస్తున్నా. సంచి సర్దుకుని గేటు బయట ఉన్నా."

ఆమె ఇరుక్కున్న కాగితాన్ని వదిలేసింది. "మంచి పని చేశావే," అంది. అన్నాక, ఈ మాట తనతో ఎవరూ అనలేదని గుర్తొచ్చింది. "పడవాయన ఏమన్నాడు?"

"కోప్పడలేదు. మీ ఇంట్లో ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగాడు."

"ఎవర్ని చెప్పావు?"

"ఇంకెవర్ని? అమ్మని."

అమ్మకాలు మొదలైన రోజు ఆమె ఎవరికీ చెప్పకుండా ఆ పెట్టెలు అమ్మే షాపుకి వెళ్ళింది, కొనడానికి కాదు. నల్లటి పెట్టెలు గాజు బీరువాలో వరసగా ఉన్నాయి. ఒకాయన అట్టపెట్టె చేతిలో పట్టుకుని వెనక ఉన్న జాబితా లెక్కపెడుతున్నాడు.

"ఇందులో ఎన్నున్నాయండీ?"

"పదకొండు సార్," అన్నాడు షాపువాడు, కాస్త ఇబ్బందిగా. "ముందు ముందు ఇంకా వస్తాయి."

"పదకొండేనా?" ఆయన పెట్టె తిరిగి బల్ల మీద పెట్టబోయాడు.

పక్కనుంచి ఆమె మెడ చాచి జాబితా చూసింది. మంచుకొండ ఉంది, చేపల తొట్టి ఉంది. అట్టడుగున పడవ ప్రయాణం ఉంది.

"పదకొండూ చివరిదాకా చూడొచ్చండి," అంది. "ఒక్కదానికీ కడుపులో తిప్పదు."

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. "మీరు కంపెనీ మనిషా?"

"కాదండీ."

"మరి మీకెలా తెలుసు?"

"మా అమ్మ చూసింది," అంది ఆమె.