తొమ్మిదింటి ముద్ద

కీడెంచి మేలెంచమంటారు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోతానని, మేలుదాకా వెళ్ళే ఓపిక నాకు లేదని మా ఆయన ఎప్పుడూ అంటాడు. అననీ. మండే ఓవెన్ ముందు నిలబడి పనిచేసే కూతురికి కళ్ళు మూతలు పడుతుంటే ఏ తల్లి మాత్రం మేలెంచుతుంది?

మా అమ్మాయిని ఇంట్లో పిట్ట అంటాం. చిన్నప్పుడు నాలుగు మెతుకులు గతికి ఇక చాలనేది, పెళ్ళీడుకొచ్చినా ఆ పేరే ఉండిపోయింది. రొట్టెల బేకరీలో దాని పని. పిండి కలిపే దగ్గర చేరి, ట్రేలు మోసి, ఇప్పుడు ఓవెన్ దాకా వచ్చింది. తెల్లారేసరికి రొట్టె దుకాణాలకు చేరాలి కాబట్టి రెండింటికే లేచి వెళ్ళిపోతుంది, ఎండెక్కాక ఒళ్ళంతా రొట్టె వాసనతో వస్తుంది. ఓవెన్ అద్దంలోంచి రొట్టె పొంగడం చూస్తుంటే తనకి లోకం గుర్తుండదట. నాకు మాత్రం ఆ ఓవెన్ తలుపు తలుచుకుంటేనే భయం.

దానికి నిద్ర పట్టడం లేదని నాకు కళ్ళకింది నలుపే ముందు చెప్పింది. తర్వాత మోచేతి మీద కాలిన మచ్చ కనిపించింది. ట్రే అంచు తగిలిందంది. అది మానేలోగా రెండో చేతికి ఇంకోటి. అక్కడ ఓవెన్ బాధ్యతంతా చూసే మాస్టరు దాన్ని పక్కకి పిలిచి, నెలాఖరు దాకా చూస్తానని, ఇలాగే తూలుతుంటే ప్యాకింగులో వేస్తానని చెప్పాడట. ప్యాకింగులో కూర్చుని కవర్లు కట్టుకుంటే పిల్ల చేతులైనా దక్కుతాయి అనిపించింది నాకు. దాని మొహం చూసి ఆ మాట మింగేశాను.

ఎందుకు నిద్ర పట్టదో నాలో నేనే ఎన్ని జబ్బులు కట్టానో. ఒంట్లో రక్తం లేదేమో అనుకున్నాను, తలలో గడ్డేమో అనుకున్నాను, ఎవడైనా మోసం చేశాడేమో అని కూడా అనుకున్నాను. ఈ చివరి దానికోసం దాని పరుపు ఎత్తి చూశాను. జడపిన్నులు తప్ప ఏమీ లేవు. ఇక లాభం లేదని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను.

ఆవిడ రక్తపరీక్ష చేయించింది, బాగానే ఉందంది. తర్వాత ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది అని అడిగింది. నేను కాస్త గొప్పగానే చెప్పాను. సాయంత్రం వాడిపోయినట్టుంటే స్ట్రాంగుగా టీ ఇస్తానని, రాత్రి తొమ్మిదికి వాళ్ళ నాన్న షాపు కట్టేసి రాగానే అందరం కలిసి వేడివేడిగా తింటామని, పిల్లని పస్తు పడుకోబెట్టే ఇల్లు కాదు మాదని.

డాక్టరమ్మ నవ్వలేదు కానీ నవ్వినంత పని చేసింది. "రెండింటికి లేచే పిల్లకి తొమ్మిదింటికి కడుపునిండా పెడుతున్నారా అమ్మా? కడుపు పనిలో ఉంటే కళ్ళెలా మూతపడతాయి?"

మధ్యాహ్నం దాటాక టీ వద్దంది. పొద్దుండగానే కూర, గుడ్డు, ఏదో తేలిగ్గా పెట్టమంది. పడుకునే ముందు ఆకలనిపిస్తే అరటిపండు, గ్లాసెడు గోరువెచ్చని పాలు చాలంది. ఫోను వేరే గదిలో, కిటికీకి దళసరి తెర, సెలవురోజైనా అదే వేళకి పక్క. నేను మందుల చీటీ కోసం చెయ్యి చాపి కూర్చున్నాను. మందులేవీ లేవంది. అరటిపండు తినమని చెప్పించుకోవడానికి ఇంత దూరం వచ్చామా అని దారిపొడుగునా సణిగాను.

సణిగినా అన్నీ చేశాను. కిటికీకి పాత దుప్పటి మేకులు కొట్టి బిగించాను. ఫోను నా బీరువాలో పెట్టి తాళం వేశాను. టీ డబ్బా దానికి అందని అటక మీదికి ఎక్కించాను. దాంతో నాకూ మధ్యాహ్నం టీ పోయింది, అది వేరే కథ. పొద్దుగూకకముందే దానికి పెట్టేసి, తోడుగా ఉంటుందని దానితోపాటు నేనూ తినేసేదాన్ని.

అయినా కళ్ళకింది నలుపు అలాగే ఉంది. నాకు మళ్ళీ గడ్డ గుర్తొచ్చింది.

జరుగుతున్నదేంటంటే, తొమ్మిదింటికి మా ఆయన వచ్చేవాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. సైకిలు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, పళ్ళెం ముందు కూర్చునేవాడు. పిట్ట లేచి వచ్చి పక్కన కూర్చునేది. ఒక్క ముద్ద తినవే అని ఆయన, ఎప్పుడో పొద్దుండగా తిన్నావు అని నేను. ఒక్క ముద్ద నాలుగయ్యేది, నాలుగు పళ్ళెమయ్యేది. డాక్టరమ్మ మాట ఒక చేత్తో పాటిస్తూ ఇంకో చేత్తో వడ్డిస్తున్నానని నాకు తట్టనే లేదు. పిల్ల తింటోంది కదా అని సంతోషపడ్డాను.

ఒకరోజు కాలిన చోట రాసుకునే మందు మర్చిపోయిందని వంక పెట్టి పొద్దున్నే బేకరీకి వెళ్ళాను. అద్దం అవతల అది పొడుగాటి చెక్క గరిటె పట్టుకుని ఓవెన్ ముందు నిలబడి ఉంది. గడ్డం మెల్లగా గుండెల మీదికి వాలింది. ఒళ్ళు ముందుకి తూలింది. మాస్టరు వెనకనుంచి వచ్చి గరిటె దాని చేతిలోంచి తీసుకుని దాన్ని పిండిమూట మీద కూర్చోబెట్టాడు. నా చేతిలోని ట్యూబు ఎలా నలిగిపోయిందో నాకే తెలియదు.

దాని పని ముగిసేదాకా ఆగి, ఇంటికొస్తుంటే దారిలో నిలదీశాను. అంత త్వరగా పడుకోబెడుతుంటే ఎందుకే నిద్రపోవు, ఏం దాస్తున్నావు నా దగ్గర అని.

"నాన్న వచ్చే చప్పుడు కోసం చెవులప్పగించి పడుకుంటానమ్మా," అంది. "నేను లేవకపోతే ఆయన గోడకేసి చూస్తూ తింటాడు. ఒకరోజు చూశాను. సగం తిని లేచిపోయాడు."

మా ఆయన చిన్నతనం నాకు తెలుసు. వాళ్ళమ్మ నాలుగిళ్ళలో వంట చేసి వచ్చేసరికి ఈయన మూతపెట్టిన గిన్నె తీసుకుని ఒక్కడే తిని పడుకునేవాడు. రోజుకి ఒక్కపూటైనా అందరం కలిసి తినాలని ఆయన అనేది అందుకే. ఇంకే విషయంలోనూ ఆయన ఇలా కావాలని అడిగిన మనిషి కాదు.

ఆ మధ్యాహ్నమే షాపుకి వెళ్ళాను. కంటికి భూతద్దం పెట్టుకుని ఒక చిన్న గడియారం పొట్ట విప్పి కూర్చున్నాడు. ఎక్కడ మనసు కష్టపెట్టుకుంటాడో అని అటు తిప్పి ఇటు తిప్పి, ఓవెన్ దగ్గర చూసిందీ, పిట్ట చెప్పిందీ చెప్పేశాను. ఆయన భూతద్దం తియ్యలేదు. చేతిలో పట్టకారు మాత్రం ఆగిపోయింది.

"అంటే ఇన్నాళ్ళూ దాని నిద్ర తింటున్నానన్నమాట."

వడ్డించింది నేనేగా అన్నాను. ఆయన మళ్ళీ గడియారం మీదికి వంగాడు. ఈ ఇంట్లో ఇక నవ్వన్నది ఉండదని ఏడ్చుకుంటూ వచ్చాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం సైకిలు చప్పుడైంది. ఆ వేళప్పుడు ఎందుకొచ్చాడా, షాపులో ఏ నిప్పన్నా అంటుకుందా అని గుమ్మంలోకి పరుగెత్తాను. ఆయన చేతులు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చున్నాడు. పిట్ట అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటోంది.

"ముగ్గురం ఉన్నాం కదా, వడ్డించు," అన్నాడు. "గడియారాలెక్కడికీ పోవు. ఆగిపోయినవే కదా నా దగ్గరికి వచ్చేది."

అప్పట్నుంచి మా ఇంట్లో అందరం కలిసి తినేది మధ్యాహ్నమే. రాత్రి ఆయన వచ్చే తీరు చూస్తే దొంగ కూడా సిగ్గుపడాలి. సైకిలు వీధి మొదట్లోనే దిగి చెప్పులు చేత్తో పట్టుకుని వస్తాడు. వంటింట్లో కూర్చుని నాలుగు మెతుకులు తింటాడు, పళ్ళేనికి గరిటె తగిలితే నావైపు ఉరిమి చూస్తాడు. టీవీ నోరు నొక్కేసి మూగవార్తలు చూస్తాడు. పక్కన నేను కూర్చుంటాను కాబట్టి గోడకేసి చూసే పని లేదు.

పిట్టకి ఒక్కరోజులో ఏమీ మారలేదు. మొదట్లో అలవాటుగా చెవులు రిక్కించేదట. రానురాను చప్పుడే వినపడక వదిలేసింది. ఒక రాత్రి తలుపు అవతల చిన్న గురక వినిపించింది. ఊపిరాడటం లేదేమో అని లోపలికి వెళ్ళబోతే మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

నెలాఖరు రోజు నేను కళ్ళు తెరిచేసరికి గదంతా ఎండ. ఇన్నేళ్ళలో పిట్ట గడప దాటేటప్పుడు నేను లేవని రోజు లేదు. దాని పక్క ఖాళీగా ఉంది. గుండెలు బాదుకుంటూ పెరట్లోకి పరుగెత్తితే మా ఆయన తీరిగ్గా పళ్ళు తోముకుంటున్నాడు. నన్ను లేపబోతే అదే వద్దందట, అమ్మ ఎన్నాళ్ళకి ఒళ్ళు తెలియకుండా పడుకుందో, పడుకోనీ అందట. పొద్దుండగానే తినడం, టీ మానడం, వేళకి పడుకోవడం అన్నీ దానికోసమే చేశాననుకున్నాను. నిద్ర నాకూ పట్టింది.

అయినా ఆ పూటంతా గుమ్మంలోనే ఉన్నాను. మాస్టరు ఏం తేలుస్తాడో అని. పిట్ట వచ్చింది. రెండు చేతులూ చాచి అటూ ఇటూ తిప్పి చూపించింది. పాత మచ్చలు తప్ప కొత్తవి లేవు.

"ఓవెన్ నాకే వదిలేశాడమ్మా. రేపట్నుంచి ఇంకో అమ్మాయికి నేనే నేర్పాలంట."

దాని తల నిమిరాను. సైకిలు వచ్చాక ముగ్గురం కూర్చున్నాం. కూర ఇంకాస్త వేసుకుని మరీ తిన్నారిద్దరూ. నేను ముద్ద కలుపుతూ ఆగిపోయాను. ఏమాలోచిస్తున్నావని మా ఆయన అడిగాడు.

"ఏం లేదండీ. రెండింటి అలారం మోగినా మెలకువ రాలేదు నాకు. మరీ అంత మొద్దునిద్ర మంచిదేనంటారా? ఓసారి డాక్టరమ్మకి చూపించుకుంటే..."

పిట్టకి పొలమారింది. మా ఆయన దాని వీపు తడుతూ, నవ్వు ఆపుకోలేక, నీకీ మందు చాలన్నట్టు మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చాడు.