నన్ను గాల్లోకి విసిరిన చెయ్యి

నేను ఒక గ్లౌజును. కుడిచేతి గ్లౌజును. చలికాలం ముసలాళ్ళు తొడుక్కునే ఉన్ని రకం కాదు. హాకీ ఆటగాళ్ళు తొడుక్కునే లావుపాటి రకం. వేళ్ళ మీద దిండ్లు, అరచేతిలో పల్చటి తోలు. నన్ను వాసన చూసి మెచ్చుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. చేతికి తగలాల్సిన దెబ్బను నేను తినాలి, అంతే నా బతుకు. ఆ పని చాలా ఏళ్ళు బాగానే చేశాను. నిజంగా అవసరమైన రోజున మాత్రం ఆ చేతికి దూరంగా పడి ఉన్నాను.

మీరట్ వైపు ఒక రేకుల షెడ్డులో నన్ను కుట్టారు. కుట్టినావిడ సూది గుచ్చుకున్నప్పుడల్లా వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ పనిలో పడేది. చేతుల్ని కాపాడే వస్తువు తయారుచేసే చేతులకు తొడుగు ఉండదు. మనుషుల లెక్కలు ఇలాగే ఉంటాయి.

విశాఖపట్నంలో ఒక పళ్ళ డాక్టరుగారు కొడుకును చాంపియన్ను చేయాలని ముచ్చటపడి నన్నూ నా ఎడమజతనూ కొన్నారు. ఆ పిల్లాడు స్కేటింగ్ ఆడే రింకులో ఒక్కసారి చతికిలపడి, ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. మేము అటకెక్కాం. అక్కడ మాకంటే ముందే ఒక గిటారు, ఒక దుర్భిణి, కరాటే బట్టలు కాపురం ఉన్నాయి. డాక్టరుగారి ముచ్చట్లన్నీ అక్కడే దుమ్ముకొట్టుకుంటున్నాయి. చివరికి ఒక దసరాకి ఇల్లు దులుపుతూ డాక్టరుగారి భార్య మమ్మల్ని స్కేటింగ్ కోచ్ త్రినాథరావు మాస్టారికి ఇచ్చేసింది. ఆయన సంచిలోంచి మేము ఎస్తేరు చేతుల్లోకి వెళ్ళాం.

ఎస్తేరు వన్‌టౌన్ పిల్ల. వాళ్ళ నాన్న హార్బరులో వలలు బాగుచేస్తాడు. అదే వీధిలో ఉండే నూకరత్నం, ఎస్తేరు ఎప్పుడూ ఒక్కటే. ఒకరు తుమ్మితే ఇంకొకరు చిరంజీవ అనే రకం. ఇద్దరూ చక్రాల బూట్లేసుకుని సిమెంటు నేల మీద రోలర్ హాకీ ఆడేవారు. ప్లాస్టిక్ బిళ్ళను కర్రతో తోసుకుంటూ వెళ్ళి వలలో వేయాలి, అంతే ఆట. చక్రాలు చటుక్కున ఆగవు గనక గుండ్రంగా తిరిగి ఆగాలి. పడితే మోకాలి చర్మం నేలకు అంటుకుపోతుంది. సముద్రపు ఉక్కకి ఎస్తేరు చెయ్యి నాలో నానిపోయేది. పిండితే చెంబుడు నీళ్ళొచ్చేవి.

అందుకే ఆ జట్టుకు ఒక అలవాటు ఉండేది. గోలు పడగానే కొట్టిన పిల్ల గ్లౌజులు లాగేసి గాల్లోకి విసిరేది. "కుప్పా!" అని ఎవరో అరిచేవారు. మిగతావాళ్ళంతా పరుగున వచ్చి ఆమె మీద పడి, చక్రాలు పైకి పెట్టుకుని నవ్వుతూ దొర్లేవారు. ఒకటి రెండు సార్లు చక్రం చేతి మీదుగా పోయింది. గోరు నల్లబడేది, మర్నాటికి మరిచిపోయేవారు. గాల్లోకి లేచిన ఆ కాసేపు నాకు గాలి తగిలి ప్రాణం లేచొచ్చేది. నిజం చెబుతున్నా, గోలు పడితే అందరికంటే నాకే ఎక్కువ సంబరం.

రోలర్ హాకీలో ఎంత పేరొచ్చినా ఎస్తేరుకు చాలలేదు. ఆమెకు దేశం జట్టు నీలిరంగు జెర్సీ కావాలి. అది ఐస్ హాకీలో దొరుకుతుందని, చక్రాల మీద ఆడేవాళ్ళు మంచు మీద తొందరగా నిలదొక్కుకుంటారని మాస్టారు ఎక్కడో విన్నారు. లద్దాఖ్‌లో జరిగే పోటీలకు పిల్లల్ని తీసుకెళ్దామన్నారు. నేల విడిచి సాము అంటే అదేననుకున్నాను నేను. ఎస్తేరు మాత్రం ఆ రోజు నుంచి నిద్రలో కూడా పిడికిలి బిగించేది.

అక్కడి చలి గురించి ఏం చెప్పను! మొదటి రోజు నా తోలు అప్పడంలా బిగుసుకుపోయింది. గడ్డకట్టిన చెరువు మీద చెక్కలు పాతి రింకు చేశారు. పిల్లలు చక్రాల బూట్లు విప్పి, అడుగున కత్తిలాంటి ఉక్కు బ్లేడున్న బూట్లు తొడుక్కున్నారు. మాస్టారు ఒడ్డున దుప్పటి కప్పుకుని నిలబడి గొంతు చించుకునేవారు.

"గుండ్రంగా తిరగడం కాదర్రా! అడ్డంగా తిరగాల! మడమతో మంచు గీకితే ఆగుతావ్!"

చక్రాల మీద చేయలేని పని అది. నేర్చుకోవడానికి వాళ్ళ నడుములు విరిగాయి. ఇక్కడి బిళ్ళ రబ్బరుది, చల్లబరిచి రాయిలా చేస్తారు. అది కర్రకు తగిలితే దెబ్బ నా లోపలి ఎముకల దాకా దిగేది. నలుగురు ఆడేచోట అయిదుగురు ఆడాలి. బిళ్ళ కంటే ముందు ఫలానా గీత దాటకూడదు. పడితే చర్మం ఊడదు, కానీ చెక్కగోడ తగిలేదాకా జారుతూనే ఉంటారు. మాస్టారు ఇవన్నీ విడమరిచి నేర్పారు. ఆట మార్చుకోవడం నేర్పారు గానీ సంతోషపడే తీరు మార్చుకోవాలని ఆయనకూ తట్టలేదు.

తట్టింది ఒక్క పద్మాకి. పేరు వింటే మన పిల్లే అనుకుంటాం గానీ అచ్చమైన లద్దాఖీ, అక్కడి జట్టు కెప్టెన్. ప్రాక్టీసులో మావాళ్ళు గోలు కొట్టి నన్ను గాల్లోకి విసిరితే ఆ అమ్మాయి గబగబా వచ్చి, వచ్చీరాని హిందీలో గ్లౌజులు తీయొద్దని చెప్పింది. తమ వాళ్ళు గోలు కొడితే ఎలా చేస్తారో చూపించింది: వరసగా నిలబడి పిడికిలికి పిడికిలి తాకించడం, అంతే.

"ఇదేటే, సంతాప సభలాగుంది!" అంది నూకరత్నం.

అందరూ పకపకా నవ్వారు. ఎస్తేరు మరీ నవ్వింది.

పోటీల్లో దేశం జట్టును ఎంచే పెద్దలు చూడవచ్చిన ఆట ఒకటి జరిగింది. ఆఖరి నిమిషాలు. రెండు జట్లకూ చెరొక గోలు. ఎస్తేరు గోడ పక్కనుంచి బిళ్ళను లాక్కొచ్చి, అడ్డం తిరిగి, మంచు పొడి లేచేలా టక్కున ఆగింది. ఎదుటి పిల్ల ఆగలేక ముందుకు కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖాళీ చాలు. నాలోని అయిదు వేళ్ళూ కర్రను బిగించాయి. బిళ్ళ వలలో పడింది.

మరుక్షణం నేను గాల్లో ఉన్నాను.

ఎస్తేరు మోకాళ్ళ మీద జారి వెల్లకిలా పడి చేతులు చాపింది. "కుప్పా!" అంది ఎవరో. ఒకరి మీద ఒకరు పడ్డారు. నూకరత్నం అందరికంటే దూరంగా ఉంది, అందరికంటే వేగంగా వచ్చింది. సంతోషంలో ఆమె కాళ్ళకు మంచు గుర్తులేదు, సిమెంటు నేలే గుర్తుంది. ఎప్పటిలాగే కాళ్ళు వెనక్కి చాచి కుప్ప మీదకు దూకింది. ఆమె ఎడమకాలి బూటు బ్లేడు వచ్చి మంచు మీద చాపి ఉన్న ఎస్తేరు కుడిచేతి మీద దిగింది.

కుప్ప కిందనుంచి వచ్చిన అరుపును మొదట అందరూ నవ్వే అనుకున్నారు. మంచు ఎర్రబడ్డాక లేచారు. నేను బారెడు దూరంలో బోర్లా పడి ఉన్నాను. నా మీద ఒక్క చుక్క పడలేదు. అంత శుభ్రంగా ఉన్నందుకు నాకు కలిగిన సిగ్గు ఏ గ్లౌజుకూ కలగకూడదు.

చిటికెన వేలు, ఉంగరం వేలు పోయాయి. అతికించడానికి డాక్టర్లు చేయగలిగింది చేశారు, అతకలేదు. మత్తు దిగి కళ్ళు తెరిచాక ఎస్తేరు అడిగిన మొదటి మాట ఇది:

"గోలు లెక్కేసేరా మాస్టారూ?"

లెక్కేశారమ్మా అన్నారాయన. గెలిచామని కూడా చెప్పారు. ఆపైన ఆసుపత్రి వరండాలోకి వెళ్ళిపోయారు. అక్కడ నూకరత్నం నన్ను ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

విశాఖపట్నం తిరిగొచ్చాక ఒక సాయంత్రం మాస్టారు ఎస్తేరు ఇంటికి వచ్చారు, వెంట నూకరత్నాన్ని బతిమాలి తీసుకొచ్చారు. ఆ ఆట చూసిన పెద్దలు దేశం జట్టు శిక్షణకు ఇద్దర్ని ఎంచారట, ఎస్తేరును, నూకరత్నాన్ని. చెయ్యి సంగతి తెలిశాక ఎస్తేరుకు బదులు వేరే పిల్లను తీసుకున్నారట. మంచి వార్తా చెడ్డ వార్తా ఒకే సంచిలో పెట్టి తెచ్చినందుకు ఆయన తల ఎత్తలేకపోయారు.

"నానెల్నండి మాస్టారూ," అంది నూకరత్నం. "నా కాళ్ళు ఇరగ్గొట్టినా ఎల్ను."

ఎస్తేరు లేచింది. నన్ను తీసి తొడుక్కుంది. నాలో రెండు వేళ్ళ చోటు ఖాళీగా వేలాడింది. మూల ఉన్న కర్ర తీసి పట్టుకుని, గోడకు ఆనించి నొక్కింది. కర్ర తిరిగిపోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ తిరిగిపోయింది. వాళ్ళ నాన్న వల పక్కన పెట్టి చూస్తున్నాడు. ఎవరూ చాలమ్మా అనలేదు. ఎంతసేపు చేసిందో, చివరికి కర్ర తనంతట తానే కిందపడింది. అప్పుడు నన్ను లాగి, ఎడమదాంతో కలిపి, నూకరత్నం ఒళ్ళోకి విసిరింది.

"నా వేళ్ళు తీసింది చాల్లేదేటే నీకు? నా ఆట కూడా తీసీస్తావా? ఎల్లు. నువ్వెల్లకపోతే ఆ గోలు దేనికి కొట్టినట్టు నాను?"

నూకరత్నం ఏడ్చింది. ఎస్తేరు ఏడవలేదు. క్షమించానని కూడా అనలేదు. మనుషులు క్షమించడం గురించి ఎన్నో మాటలు చెప్పుకుంటారు గానీ ఆ ఇంట్లో ఆ సాయంత్రం అటువంటిదేమీ జరగలేదు.

మరుసటి చలికాలం పరాయిదేశంలో, పెద్ద కప్పు కింద, దీపాల వెలుగులో నూకరత్నం నీలిరంగు జెర్సీ వేసుకుని ఆడింది. చేతులకు మేమే. జట్టులో పద్మా కూడా ఉంది. ఆ రోజు నూకరత్నం గోలు కొట్టింది. జనం లేచి నిలబడ్డారు. జట్టు పిల్లలు చేతులు చాపుకుని దూసుకొచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి సంబరంలో గ్లౌజు సగం లాగేసింది.

"తియ్యకండే! తియ్యకండి!" అని నూకరత్నం తెలుగులో కేకపెట్టింది. ఆ భాష ఎవరికీ రాదు. పద్మాకీ రాదు, కానీ ఆమె ఆగి, రెండు చేతులూ చాపి మిగతావాళ్ళను ఆపేసింది. నూకరత్నం నన్ను ఛాతీకి అదుముకుని వెనక్కి జారుతూ చెక్కగోడకు ఆనుకునేదాకా వెళ్ళింది. అక్కడే ఒంటరిగా నిలబడిపోయింది. గోలు కొట్టి జట్టునే దగ్గరకు రానివ్వని పిల్ల ఎంత పొగరుదోనని మర్నాడు చాలామంది అనుకున్నారట. అనుకోవడానికి ఖర్చేముంది!

ఆట అయ్యాక ఫోను మోగింది. ఎస్తేరు. నూకరత్నం ఎడంచేత్తో ఫోను పట్టుకుంది. కుడిచేతికి ఇంకా నేనే ఉన్నాను.

"చూసేన్లే," అంది ఎస్తేరు. "మా నాన్న కూడా చూసేడు."

"తియ్యలేదే ఎస్తేరూ. తొడుక్కునే ఉన్నాను."

ఎస్తేరు వెనక ఎక్కడో స్టీమరు కూత వినిపించింది.

"నీ చెయ్యి బాగుందా?" అంది ఎస్తేరు.

నాలోపల నూకరత్నం అయిదు వేళ్ళూ ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు ముడుచుకున్నాయి.

మా జత అక్కడితో విడిపోయింది. ఊరొచ్చాక ఎడమదాన్ని ఎస్తేరు తీసుకుంది. రింకులో చిన్నపిల్లలకు ఆట నేర్పుతూ దాన్ని తొడుక్కుంటుంది, వాళ్ళు తప్పు చేస్తే దాంతోనే నెత్తిమీద ఒకటి వేస్తుంది. నన్నెందుకు తీసుకోవాలి? నేను నూకరత్నం ఇనప్పెట్టెలో పాత జెర్సీల కింద ఉన్నాను. ఆమె కొత్త జత కొనుక్కుంది. నన్ను పారేయదు, తొడుక్కోదు, ఎస్తేరుకు తిరిగివ్వదు, ఎస్తేరు అడగదు. నాలో అయిదు వేళ్ళకీ చోటుంది.