మంగళవారం నాటి నకలు

విచారణ పదకొండు గంటలకు. తొమ్మిదికి పది నిమిషాలుండగా, క్రేన్ నడిపే తండ్రి పక్షాన ఉన్న ఏకైక సాక్ష్యం ఇంటి సర్వర్‌లో లేదని పెద్దకూతురు కనుగొన్నది.

క్రేను తాడు తెగి, బరువు మీదపడి తోటి కార్మికుడి కాలు పోయింది. నేరం ఆపరేటరుదేనని కంపెనీ తేల్చేసింది. ఉక్కుతాడు పోగులు తెగుతున్నాయని ఆయన నెల రోజులపాటు ప్రతి ఉదయం ఫోటో తీసి, తాడు మార్చమని మేనేజరును అడిగాడు. ఆ ఫోను కంపెనీదే. ప్రమాదం జరిగిన మరునాడే లాక్కున్నారు. ఫోటోలు మాత్రం ఏ రోజువి ఆ రోజే తమంతట తామే, ఇంట్లో అందరి ఫైళ్ళూ దాచే సర్వర్‌లో చేరిపోయాయి.

"ఫోటోలేవిరా?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "పోయిన మంగళవారం సినిమాలకు చోటు చాల్లేదక్కా. ఆ ఫోల్డరు తీసేశా. రెండు డిస్కులున్నాయిగా, రెండోదాంట్లో ఉంటాయనుకున్నా."

"రెండోది మొదటిదానికి అద్దంరా, బుద్ధిమంతుడా! ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఒక డిస్కు చస్తే ఇంకోటి ఆదుకుంటుంది. నీ తెలివితేటల నుంచి ఎవరు ఆదుకుంటారు?"

తండ్రి చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో ఆగిపోయాడు.

ఇక మిగిలింది స్నాప్‌షాట్ ఒక్కటే. సర్వరు రోజూ ఉదయం తొమ్మిదికి తనలో ఉన్నదంతా ఉన్నట్టుగా ఒక నకలుగా నిలుపుతుంది; తరువాత ఏది చెరిపినా ఆ నకలు చెరగదు. అయితే ఏడు నకళ్ళనే ఉంచుతుంది. కొత్తది చేరగానే అన్నిటికన్నా పాతది పోతుంది. తమ్ముడు చెరిపింది మంగళవారం మధ్యాహ్నం. ఫోటోలున్న చివరి నకలు ఆ ఉదయానిది. ఈరోజు మళ్ళీ మంగళవారం.

సర్వరు నత్తనడక నడుస్తున్నది. ఒక డిస్కు టకటకమని కొట్టుకుంటున్నది. తొమ్మిదికి మూడు నిమిషాలు.

"తొమ్మిది కాకముందే ప్లగ్గు పీకేద్దామక్కా!"

"చెయ్యి తియ్! ఒకటి ఇప్పటికే కొన ఊపిరితో ఉంది. మళ్ళీ లేవకపోతే నువ్వు పూచీయా?"

ఆ నకలును తొలగించరాదన్న ఆజ్ఞను ఆమె టైపు చేసింది. తొందరలో ఒక అక్షరం తప్పింది, మళ్ళీ కొట్టింది. తొమ్మిది దాటింది. జాబితాలో ఎనిమిది నకళ్ళు నిలిచాయి. ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుండగా టకటక ఆగిపోయింది. ఆ డిస్కు చచ్చింది. రెండోది చివరి ఫోటో దాకా చదివింది.

విచారణలో కంపెనీ వకీలు నవ్వాడు. "పాత నకల్లో ఉన్నాయట, నేటి సర్వర్‌లో లేవట! ఎవరు మాయం చేశారండీ, దయ్యమా?"

తండ్రి తలవంచుకున్నాడు. కొడుకు లేచి నిలబడ్డాడు. "నేనేనండి. సినిమాల కోసం చెరిపాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. విచారణాధికారిణి నవ్వలేదు. ప్రింటు తీయించిన చివరి ఫోటోను దగ్గరకు తీసుకుని, తెగిన పోగులను వేలితో లెక్కపెట్టింది.

"ఈ తాడు ఇప్పుడెక్కడుంది?"

వకీలు మేనేజరు వంక చూశాడు.

"సాయంత్రంలోగా నా ముందుండాలి," అని ఆమె ఆ ఫోటోను తన ఫైలులో పెట్టుకున్నది.