పులుపు చచ్చిన పొడి

"అన్నా, ఆ పొడి ఇంకో సంచి ఇవ్వు," అంటూ కోళ్లు పెంచే ఆవిడ బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. బుట్టలో మూడు కోడిపిల్లలు బిగుసుకుపోయి ఉన్నాయి. తోకల కింద రెట్ట తెల్లగా ఎండి అంటుకుంది.

దాణా కొట్టాయన చూపు తిప్పుకున్నాడు.

"పొద్దున్నుంచి పన్నెండు పోయాయి. మూడొందల్లో నూట ఎనభై మిగిలాయి. ఇవీ పోతే షెడ్డు మూసేసి కూలికి పోవాల్సిందే."

"కొలత ప్రకారమే కలిపావా?" అలవాటుగా అడిగేసి, ఎందుకడిగానా అనుకున్నాడు.

"బస్తాకి గ్లాసు. నీ మాట ఎప్పుడైనా దాటానా? తప్పంతా మా కోడలిది. నీళ్ల డబ్బాలు సరిగా కడగలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. మూడ్రోజులుగా ముద్ద ముట్టట్లేదు."

కోడిపిల్లల పేగుల్లో రోగం పెరగకుండా దాణాలో కలిపే ఆమ్లం పొడి అది. కిలో మూడు వందల ఇరవై. రెండు నెలల కిందట బావమరిది ఉపాయం చెప్పాడు: సగానికి సగం సున్నపురాయి పొడి కలుపుదాం, కిలో పన్నెండుకే వస్తుంది, అదీ దాణాలో వేసేదేగా. విషమైతే కాదు కదా అని కొట్టాయన తలూపాడు. సగం సరుకు పోతే సగం బలమైనా మిగులుతుందని ఆయన లెక్క. మొన్న లోడు తెచ్చిన డ్రైవరు ఆ పొడి నాలిక్కి రాసుకుని నవ్వాడు. "పులుపేదండీ? సున్నం తగిలితే ఆమ్లం చచ్చిపోదూ!"

ఆ రోజు నుంచి కొట్టాయనకు అన్నం సయించడం లేదు. అయినా అమ్మకం ఆపలేదు.

బావమరిది వెనక గదిలోంచి సంచి తెచ్చి పురికొస విప్పాడు. "రెండు పట్టుకెళ్లు అక్కా, కొలత రెట్టింపు చెయ్యి. కోళ్లకీ జీతం పెంచాలిగా!"

ఆవిడ నవ్వలేక నవ్వి కొంగుముడి విప్పబోయింది.

కొట్టాయన అరచెయ్యి సంచి మూతి మీద పడింది. "వద్దమ్మా. ఇది అమ్మను."

"బావా!"

"అమ్మనన్నానా!"

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన వేళ్ల సందులోంచి చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకుంది. పులుపుకు ముఖం చిట్లించాల్సిన పని పడలేదు.

"మరి పోయినసారి ఇచ్చింది?"

కొట్టాయన బుట్టలోని పిల్లల వైపు చూసి తలవంచాడు.

"అయితే మా కోడలు..." అంది ఆవిడ.

సున్నం అంటిన చెయ్యి ఆయన సంచి మీద నుంచి తియ్యలేదు.