పక్క కాపు

మా ఇంట్లో వేటకు పోవాలంటే ముందు నోరు మూసుకోవడం నేర్చుకోవాలి.

జొన్న కోత అయ్యాక, హోళీకి అటూ ఇటూగా కిన్వట్ అడవిలో కణుజు అనే పెద్ద దుప్పికి వల కట్టేవాళ్లం. మా నాన్న కాలం నుంచి అదే పద్ధతి. వాగు ఇరుకైన చోట జనుము వల కట్టి, దాని వెనక మగవాళ్లు బల్లేలు పట్టుకుని కూర్చుంటారు. అవతలి కొస నుంచి నలుగురైదుగురు డప్పులు కొడుతూ కణుజును తోలుకొస్తారు. రెండు పక్కలా ఆడవాళ్లు తెల్ల గుడ్డలు పట్టుకుని దూరం దూరంగా నిలబడతారు. జంతువు తమ వైపు మళ్లితే గుడ్డ ఊపాలి. దాన్ని పక్క కాపు అంటాం.

డప్పుల వాళ్లు తప్ప ఎవరూ చప్పుడు చేయకూడదు. ఇంటి పెద్ద 'పడ్డది' అనేదాకా దగ్గు వచ్చినా మింగాలి. ముందు నుంచి మనిషి గొంతు వినపడితే కణుజు వలకు రాదు. వెనక్కి తిరిగి డప్పుల మీదుగానే దూకి పోతుంది. అరిచిన మనిషికి ఆ ఏడు మాంసంలో వాటా లేదు. ఉగాది దాకా ఇంట్లోవాళ్లు ఆ మనిషితో మాట్లాడరు. నీళ్ల చెంబు కూడా చేతికివ్వరు, నేల మీద పెట్టి పోతారు.

నా భార్య రఖమాబాయిని పక్క కాపులో ఉండగా పాము కరిచింది. అరవలేదు. కొంగు చింపి మోకాలి కింద కట్టుకుని నిలబడింది. కణుజు ఆమె వైపే మళ్లితే గుడ్డ ఊపి వల మీదికి తిప్పింది కూడా. మా అన్న సంగన్న 'పడ్డది' అన్నాకే కూలబడింది. బండి కట్టి కిన్వట్ దవాఖానకు తీసుకుపోతుంటే సగం దారిలో పోయింది. అప్పటికి మా బిడ్డ చంద్రభాగకు పదేళ్లు.

ఆ తర్వాత ఏడేళ్లు నేను వేటకు పోలేదు. అన్న గడప తొక్కలేదు. వదిన మైసవ్వ పంపిన మాంసం కుక్కకు వేశాను. పద్ధతి, పద్ధతి అని మీ పెద్దబాపే మీ అవ్వను చంపాడని తల్లి లేని బిడ్డకు చెప్పి పెంచాను.

డెబ్బై రెండులో వానలు లేవు. జొన్న మోకాలెత్తు కాకుండానే ఎండిపోయింది. ఊరంతా రోడ్డు పనికి పోయి కంకర కొట్టింది. సర్కారు ఇచ్చిన ఎర్ర జొన్న రొట్టె నోట్లో పెట్టుకుంటే గొంతు దిగేది కాదు. అన్న కోడలు బాలింత. తినడానికి లేక ఆమెకు పాలు పడలేదు, పసిది రోజంతా ఏడ్చేది. వేట బంద్ అని సర్కారు చెప్పింది. అయినా ఆ హోళీకి అన్న వల దింపాడు. ఇంట్లో మనుషులు సరిపోలేదు. మా ఇంటికి వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"నువ్వు వల కాడ, బిడ్డ పక్క కాపుల. మీ ఇద్దరు అస్తెనే అయితది," అన్నాడు.

రానన్నాను. బిడ్డనూ పంపనన్నాను. చంద్రభాగ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, "నేనస్త పెద్దబాపు. బాపు ఇంట్ల కూసుంటడు," అంది. ఆరు నెలలుగా కంకర కొట్టిన పిల్ల. నా మాట ఎందుకు వింటుంది. నేనూ బయలుదేరాను.

దారిలో ఆమెకు ఒకటే చెప్పాను, ఏమైనా అయితే పద్ధతి చూడకుండా గట్టిగా అరవమని. ఆమె నవ్వింది.

"చీమ కుట్టినా ఒర్లాల్నా?"

"చీమకు గూడ వల కడుదమా కాకా?" అన్నాడు వెనక డప్పు మోసుకొస్తున్న అన్న కొడుకు హన్మాండ్లు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అన్న ఆమెను నల్లమద్ది చెట్టు దగ్గర నిలబెట్టాడు. రఖమ నిలబడిన చోటు అదే. కణుజు ఎప్పుడూ అక్కడే మళ్లుతుంది కాబట్టి అక్కడ గట్టి మనిషిని పెడతారు. వల వెనక నుంచి ఆమె చేతిలో గుడ్డ కనిపిస్తోంది. అది చాలనుకున్నాను.

డప్పులు మొదలయ్యాయి. చాలాసేపు దూరంగానే ఉన్నాయి. తర్వాత దగ్గరికొచ్చాయి. ఎండుటాకుల్లో పెద్ద జంతువు నడుస్తున్న చప్పుడు వినిపించింది. నల్లమద్ది వైపు చూశాను. గుడ్డ లేదు. ఇరవై లెక్కపెట్టాను. గుడ్డ లేవలేదు. కొమ్ముల కణుజు పొదలోంచి బయటకు వచ్చింది. వలకు పది బారల దూరంలో ఉంది. అంత పెద్దదాన్ని నేను ముందెప్పుడూ చూడలేదు. మళ్లీ చెట్టు వైపు చూశాను. లేచి నిలబడి, "చంద్రీ" అని అరిచాను.

కణుజు ఆగింది. నన్ను చూసింది. తిరిగి డప్పుల మీదికి దూకి పోయింది.

చంద్రభాగ చెట్టు వెనక నుంచి లేచింది. గుడ్డ రేగు ముళ్లకు చిక్కుకుంటే అప్పటిదాకా వంగి తీస్తూ ఉంది.

ఎవరూ తిట్టలేదు. వదిన మాంసానికని తెచ్చిన ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. హన్మాండ్లు డప్పు దించి నేల చూస్తున్నాడు. వాడి బిడ్డకే కదా పాలు లేనిది.

"పద్ధతి నీకు ఎర్కనే గద తమ్మీ," అన్నాడు అన్న. మెల్లగానే అన్నాడు.

దూరంగా పోయి మోదుగు చెట్టు కింద కూర్చున్నాను. కాసేపటికి చంద్రభాగ నీళ్లు తెచ్చింది. చెంబు నేల మీద పెట్టింది. మాట్లాడకూడదు, కానీ మాట్లాడింది.

"అవ్వ పాము కర్సినా నిలవడ్డది. నువ్వు గుడ్డ కనవడకపోతెనే నిలవడలే."

అప్పుడు చెప్పాను. ఏడేళ్లు దాచింది చెప్పాను.

రఖమ పోయిన ఏడుకు ముందటి ఏడు, ఆమె అదే చోట అడవి పందిని చూసి జడుసుకుని అరిచింది. కణుజు పోయింది. అన్న పోనియ్యి అన్నాడు. ఆడమనిషి, పందికి ఎవరైనా జడుస్తారు, ఈసారికి వదిలేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా పెళ్లానికో పద్ధతి, మీ పెళ్లాలకో పద్ధతా అన్నాను. ఉగాది దాకా చెంబు నేల మీదే పెట్టాను. ఉగాది నాడు ఆమె భక్ష్యాలు చేసి నా ముందు కూర్చుంది, ఇప్పుడైనా నేను మాట్లాడతానని. నేను తిని లేచి పోయాను. ఇంకో నెల మాట్లాడలేదు.

"అందుకే ఒర్లలే మీ అవ్వ," అన్నాను. "పెద్దబాపు ఇడిసిపెట్టుమన్నడు. నేనే ఇనలే."

చంద్రభాగ ముళ్లకు చిరిగిన గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. తర్వాత పోయి వాళ్ల పెద్దబాపుతో కలిసి వల చుట్టింది. తిరుగు దారిలో ఆయన పక్కనే నడిచింది. నేను వెనక నడిచాను.

రోజూ రొట్టె చేసి నా ముందు పెట్టేది. నీళ్లు నేల మీద పెట్టి పోయేది. పద్ధతి ప్రకారమే కాబట్టి నేను అడగలేదు. రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఉగాది వచ్చింది. ఇల్లు అలికింది. ఉన్న పిడికెడు శెనగపప్పుతో రెండే రెండు భక్ష్యాలు చేసింది. రెండూ నాకే వేసింది. నీళ్ల కోసం నేను చెయ్యి చాపాను.

చెంబు నేల మీద పెట్టి పోయింది.