గడ్డిలో చుట్టిన గాజు పలకలు

సంచిలో ముందు మా ఆయన దుప్పటి, మందులు పెట్టాను. ఊపిరితిత్తి నుంచి తీసిన ముక్కను అద్దిన రెండు గాజు పలకలను, లారీకెక్కించే రాతి పలకలకు చేసినట్టే, వరిగడ్డి మధ్య చుట్టి పైన పెట్టాను.

మా ఆయన మౌలా సాహెబ్ వయసంతా మార్కాపురంలో పలకలు కోశారు. మైక్రోస్కోపులో ఆయన కణాల నిండా సూదుల్లాంటివి కనిపించాయి. ఇలాంటివి తానెప్పుడూ చూడలేదని, హైదరాబాదులో చూపించమని ఇక్కడి డాక్టరు చెప్పారు. మా వీధి మాత్రం అది రాతి దుమ్మని తేల్చేసింది. దుమ్ము జబ్బుకు మందు లేదు.

"పలక పొడికి హైదరాబాదేంది వదినా?" అన్నాడు ఆయనతో పనిచేసిన నాగేశ్వర్లు. "గాజు ముక్కలకు గడ్డి పరుపంట! మాకు చాపే దిక్కు."

"నవ్వుకో నాగేశ్వర్లూ. నేను పోయేది ఖాయం."

"రాయి తిన్నోడిని రాయే తింటాది. వదిలెయ్ లాల్బీ," అన్నారు మా ఆయన.

"మీరు ముందు చెప్పులేసుకోండి," అన్నాను. సంచి భుజానికి తగిలించుకున్నాను.

హైదరాబాదులో డాక్టరమ్మ ఆ గాజు పలకలకు రంగులు వేయించి చూసింది. "రాయికి ఈ రంగు అంటదమ్మా. ఇది లింఫోమా అనే క్యాన్సర్. అది తయారుచేసిన ప్రోటీనే కణాల్లో సూదుల్లా గడ్డకట్టింది. దీనికి మందుంది."

మందు పనిచేసింది. ఆయన మళ్లీ నడిచి వెళ్లి నాగేశ్వర్లుతో టీ తాగారు. రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెడితే అదే సంచి సర్దాను. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదు వెళ్లిన మా ఆయన ప్రాణాలతో తిరిగి రాలేదు.